బెల్టు చివరి కుర్చీ

ఆరో నెల కడుపుతో కోడలు గుంజీళ్లు తీస్తోంది.

పెద్దక్క మొదట తన కళ్లను తానే నమ్మలేదు. మోకాళ్ల నొప్పులకు మాత్రలు తెచ్చుకుందామని సెలవు రోజున ఆస్పత్రికి వచ్చింది. మందులిచ్చే కిటికీ దగ్గర వరుస ఎంతకీ కదలకపోవడంతో నీడపట్టున నిలబడదామని పక్క వరండాలోకి నడిచింది. అక్కడొక పొడవాటి గది, ఓరగా తెరిచిన తలుపు, లోపల నేల మీద పరిచిన నీలం చాపలు. నెలలు నిండుతున్న ఆడవాళ్లు కొందరు గోడకు అభిముఖంగా నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, నడుము నిటారుగా ఉంచి మెల్లగా కిందికి కుంగుతున్నారు. అంతే మెల్లగా పైకి లేస్తున్నారు. ముందు నిలబడిన నర్సు, "ఊపిరి బిగబట్టొద్దు, వదలండి. మాట్లాడుతూ చేయగలిగినంతే చేయండి" అంటోంది. వరుసలో చివర ఉన్నది పిచ్చుక. డాక్టరుకు చూపించుకుని వస్తానని పొద్దున్నే ఇంట్లోంచి బయలుదేరిన తన కోడలు.

దానికంటే పెద్దక్కకు మింగుడుపడని సంగతి మరొకటుంది. వాళ్లు నవ్వుతున్నారు. కడుపులో ప్రాణాన్ని పెట్టుకుని, ఏదో ఆటస్థలంలో ఉన్నట్టు, ఒకరి కుంగుడు చూసి ఒకరు నవ్వుకుంటున్నారు.

"ఏమే!" అంది పెద్దక్క. అరిచానని ఆమె అనుకుంది గానీ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి మాత్రం వరండా మారుమోగింది. "ఏమే పిల్లా! ఏం చేస్తున్నావే అక్కడ?"

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. నర్సు దగ్గరికి వచ్చి, "ఎవరి తాలూకండీ మీరు?" అని అడిగింది.

"ఎవరి తాలూకో తర్వాత చెబుతాను. ముందు దాన్ని లేవనివ్వు!"

"లేస్తూనే ఉందండీ. మళ్లీ కుంగుతుంది, అంతే."

పిచ్చుక నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు పెద్దక్క గుండెలో ముల్లులా దిగబడింది. మందుల వరుస, మోకాళ్ల నొప్పులు అన్నీ మరిచిపోయి, కోడలి చెయ్యి పట్టుకుని, గాజు బొమ్మను నడిపించినట్టు అడుగులో అడుగు వేయిస్తూ ఇంటికి తీసుకుపోయింది.

ఆమె అంతగా కొయ్యబారిపోవడానికి కారణం తెలియాలంటే ఆమె పనిచేసే చోటు తెలియాలి.

అది బిస్కెట్ల ఫ్యాక్టరీ. పొయ్యిల గది నుంచి గోడకున్న కంత గుండా ఒక పొడవాటి బెల్టు ప్యాకింగు హాలులోకి వస్తుంది. బెల్టుకు రెండు వైపులా ఆడవాళ్లు నిలబడి బిస్కెట్లు ఏరుతారు, పేరుస్తారు, కాగితంలోకి తోస్తారు. బెల్టు ఆగదు కాబట్టి వాళ్లూ కూర్చోరు. వెన్న వాసన జుట్టులోకీ బట్టల్లోకీ ఎంతగా ఇంకిపోతుందంటే, సాయంత్రం బస్సులో పక్కన కూర్చున్న పసిపిల్లలు వాళ్ల కొంగులు చప్పరించబోతారు. ఆ హాలులో అందరికంటే ఎక్కువ కాలంగా ఉన్నది పెద్దక్క. ఆమెకు అసలు పేరొకటి ఉందని జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు.

పెళ్లయిన కొత్తలో ఆమెకు మొదటి కాన్పు ఏడో నెలలో పోయింది. ఒక మధ్యాహ్నం కింద ఉన్న ఖాళీ ట్రే తీయడానికి వంగింది. ఆ సాయంత్రం నుంచి కడుపులో కదలిక లేదు. ఆస్పత్రిలో ఏం చెప్పారో ఆమెకు గుర్తులేదు. ఇంటికొచ్చాక అత్తగారు అన్న మాట మాత్రం గుర్తుంది. "వంగావు కదే." అంతే. తిట్టు కూడా కాదది. జరిగిపోయిన దాన్ని చెప్పినట్టు చెప్పింది. ఆ ఒక్క మాట మీద పెద్దక్క తన తక్కిన జీవితమంతా కట్టుకుంది. రెండోసారి కడుపు పండినప్పుడు పని మానేసి మంచం ఎక్కింది. కాన్పయ్యాక లేచి నిలబడితే కాళ్లు తనవి కానట్టు వణికాయి. కొన్నాళ్లు గోడ పట్టుకుని నడిచింది. అయితేనేం, కొడుకు పుట్టాడు. వంగితే పోయింది, పడుకుంటే దక్కింది. ఆ రుజువు ఆమెకు చాలింది.

తిరిగి పనిలో చేరాక ఆమె చేసిన మొదటి పని హాలులోని ఆడవాళ్లందరినీ బయటి ఆవరణలోకి తీసుకుపోయి కూర్చోబెట్టడం. కడుపుతో ఉన్నవాళ్లకు కుర్చీ ఇచ్చేదాకా ఎవరూ లోపలికి రామన్నారు. పొయ్యిల్లో బిస్కెట్లు మాడే వాసన రావడం మొదలయ్యాక కుర్చీ వచ్చింది. చేతులున్న చెక్క కుర్చీ. బెల్టు చివర, అతికిన ప్యాకెట్లు వచ్చి పడే చోట వేశారు. దాంట్లో కూర్చున్న మనిషి సరిగ్గా అతకని ప్యాకెట్లు పక్కకు తీస్తే చాలు.

కాలక్రమంలో ఆ కుర్చీ చుట్టూ ఒక కట్టుబాటు అల్లుకుంది. కూర్చున్న మనిషిని లేవనివ్వకూడదు. మంచినీళ్లు ఆమె దగ్గరికే వస్తాయి, అన్నం డబ్బా ఆమె దగ్గరికే వస్తుంది, కింద పడిన చేతిగుడ్డను కూడా పరుగున వచ్చి ఇంకొకరు తీస్తారు. మరీ తప్పనిసరైన పనికి లేస్తే ఇద్దరు చెరో రెక్క పట్టుకుంటారు. ఆ హాలులో గర్భం ధరించడానికి "కుర్చీ ఎక్కడం" అనేది మారుపేరైపోయింది. కొత్తగా పెళ్లయిన పిల్లను, "ఏమ్మా, కుర్చీ ఎప్పుడెక్కుతావు?" అని ఆటపట్టిస్తారు. తమ అమ్మలు కూడా చేయని సేవ ఆ హాలు చేసిందని కుర్చీ దిగినవాళ్లు చెప్పుకుంటారు. పెద్దక్కకు అంతకుమించిన కీర్తి అక్కర్లేదు.

ఇప్పుడు ఆమె కోడలు, అదే బెల్టు మీద పనిచేసే పిల్ల, ఒక్క చోట కాలు నిలవదు కాబట్టి పిచ్చుక అని పేరు పడ్డ పిల్ల, గుంజీళ్లు తీస్తోంది.

ఆ సాయంత్రం ఇంట్లో రాజుకుంది.

"డాక్టరమ్మే పంపింది అత్తయ్యా. ముందు నన్ను పరీక్ష చేసి, చేయొచ్చన్నాకే పంపింది."

"డాక్టరమ్మ మోస్తుందా నీ కడుపు?"

"నేనే మోస్తున్నాను. అందుకే కాళ్లకు బలం కావాలి."

"బలం కావాలంటే తినాలి, పడుకోవాలి. గోడకు మొక్కులు మొక్కినట్టు ఆ కుంగుడేంటి? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"చూసినవాళ్లు కూడా కుంగుతున్నారు కదా!"

పెద్దక్క కొడుకువైపు తిరిగింది. "నువ్వు చెప్పరా."

"నన్ను మధ్యలోకి లాగొద్దమ్మా. నాకు మీ ఇద్దరన్నా భయమే" అని వాడు కంచం తీసుకుని గుమ్మంలోకి పోయి కూర్చున్నాడు.

"రేపటి నుంచి కుర్చీలో కూర్చో. చాలిక" అంది పెద్దక్క.

"అందులో ఇప్పుడు లేబులు పిల్ల కూర్చుంటోంది కదా. అయినా నాకొద్దు అత్తయ్యా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కట్టేసినట్టు కూర్చోలేను."

కట్టేసినట్టు! ఇన్నేళ్లుగా తను పంచిన ప్రేమకు ఈ పిల్ల పెట్టిన పేరు అది. ఆ రోజు నుంచి కోడలితో మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డించేది, మాట వడ్డించేది కాదు. కోపం ఆమెకు పైపొర మాత్రమే. లోపలంతా భయం. ఆ పిల్ల వంగినప్పుడల్లా, గబుక్కున లేచినప్పుడల్లా, ఈ బిడ్డ కూడా చేజారిపోతుందని పెద్దక్క పైప్రాణాలు పైనే పోయేవి.

సంగతి హాలులో పొక్కడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ప్యాకెట్లను అతికించే మిషను దగ్గరుండే సీలు వదిన నోటికి అడ్డూ ఆపూ లేదు. "ఏం పిచ్చుకా, కాన్పయ్యాక పందేల్లో పరిగెత్తుతావా? బిడ్డకు బూట్లు కుట్టించి కనమ్మా, పుట్టగానే పరుగందుకుంటుంది."

"నువ్వూ రా వదినా. నీ నోటికి తప్ప నీ ఒంటికి కసరత్తు లేదు" అంది పిచ్చుక. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వబోయి, పెద్దక్క ముఖం చూసి తల దించుకున్నారు.

అప్పుడు కుర్చీలో ఉన్నది లేబులు పిల్ల. పెట్టెల మీద లేబుళ్లు అతికించే పని చేసేది. ఎనిమిదో నెల. తల్లి లేని పిల్ల కావడంతో హాలంతా ఆమెను అరచేతుల్లో పెట్టుకుని చూసుకునేది. ఒక రోజు ఆమె ఎడమ కాలు లాగుతోందని చెప్పింది. పిక్క వాచింది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. పెద్దక్క నేల మీద చతికిలబడి, ఆ కాలును ఒళ్లో పెట్టుకుని, గోరువెచ్చని నూనెతో కింది నుంచి పైకి బలంగా రుద్దింది.

పిచ్చుక తన చోటు వదిలి వచ్చింది. అత్తగారు మాట్లాడటం మానేశాక ఆమె తనంతట తాను పలకరించడం అదే మొదలు. "రుద్దొద్దు అత్తయ్యా. రెండు కాళ్లూ వాస్తే వేరు, ఒక్కటే వాచింది చూడండి. అలా ఉంటే ఆగకుండా ఆస్పత్రికి రమ్మని క్లాసులో నర్సు చెప్పింది."

"గుంజీళ్ల డాక్టరమ్మ వచ్చింది, దారివ్వండి" అంది సీలు వదిన.

పెద్దక్క తల ఎత్తలేదు. చేతులు ఆపలేదు. కాసేపటికి లేబులు పిల్ల, "నొప్పి తగ్గినట్టే ఉంది పెద్దక్కా" అంది, అంత సేపు రుద్దించుకున్న మొహమాటానికి.

మర్నాడు మధ్యాహ్నం ప్యాకెట్లు కుర్చీ ముందు కుప్పపడ్డాయి. ఎవరూ తీయకపోవడంతో నేల మీదికి జారాయి. అందరూ అటు చూసేసరికి లేబులు పిల్ల కుర్చీ చేతులు పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం తన్నుకుంటోంది. పెదవులు నల్లబడ్డాయి. "ఊపిరి... పెద్దక్కా... ఊపిరి..." అంది. ఎవరో అరిచారు. ఎవరో నీళ్లు తెచ్చారు. పిచ్చుక ఒక్కతే వాకిట్లోకి పోయి సామాను వ్యాను ఆపింది.

వ్యానులో పెద్దక్క ఒళ్లో లేబులు పిల్ల తల ఉంది. దారి పొడవునా ఆ పిల్ల ఆయాసం తప్ప ఆమెకు మరో చప్పుడు వినిపించలేదు.

పొద్దు వాలే వేళకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. "ప్రాణానికి ఫరవాలేదు. బిడ్డ గుండె కూడా బాగానే కొట్టుకుంటోంది. కానీ ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు. కాలి నరంలో రక్తం గడ్డకట్టింది, దాంట్లో ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయింది." తర్వాత అడిగింది. "ఈ అమ్మాయి రోజంతా ఏం చేస్తుంటుంది?"

"ఏమీ చేయదమ్మా" అంది పెద్దక్క, కొంచెం గర్వంగానే. "మేము చేయనివ్వం. కూర్చునే ఉంటుంది. మంచినీళ్లక్కూడా లేవనివ్వం."

డాక్టరమ్మ ఆమెవైపు చూసిన చూపులో కోపం లేదు. కోపం ఉంటే పెద్దక్క తట్టుకునేది. "కడుపుతో ఉన్నప్పుడు రక్తం తేలిగ్గా గడ్డకడుతుందమ్మా. అది ఎవరి తప్పూ కాదు. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఎవరైనా ఆ కాలు రుద్దారా?"

పెద్దక్క తన అరచేతులవైపు చూసుకుంది. "నేనే" అంది. "నొప్పి తగ్గుతుందని."

"దానివల్లే గడ్డ కదిలిందని చెప్పలేను. ఇకమీదట మాత్రం అలాంటి కాలు రుద్దకండి."

డాక్టరమ్మ వెళ్లబోతుంటే పెద్దక్క ఆమె తెల్లకోటు అంచు పట్టుకుంది. "నా మొదటి పాప ఏడో నెలలో పోయింది. ట్రే తీయడానికి వంగాను. అందుకే కదా పోయింది?"

"ఎన్నాళ్లైంది?"

"మా వాడికే పెళ్లయింది."

డాక్టరమ్మ ఆగింది. "అసలు కారణమేంటో ఇన్నేళ్ల తర్వాత నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ ఒకసారి వంగినంత మాత్రాన కడుపులో బిడ్డ పోదమ్మా. మీకు అప్పుడు ఎవరూ చెప్పలేదా?"

"నేను ఎవర్నీ అడగలేదు" అంది పెద్దక్క.

డాక్టరమ్మ వెళ్లిపోయాక కూడా ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆ మాట విని తేలికపడాలి. ఒంటి మీంచి కొండ దిగినట్టుండాలి. అలా ఏమీ లేదు. తను వంగినందుకు పోయిందనుకున్నప్పుడు ఆ చావుకు ఒక అర్థమైనా ఉండేది. ఆ అర్థంతోనే ఇందరు ఆడవాళ్లను కాపాడానని అనుకుంది. ఇప్పుడు ఆ పాప ఏ కారణమూ లేకుండా పోయింది. ఆ తలుపు వెనక ఒక పిల్ల మూతికి గొట్టం పెట్టుకుని పడుకుని ఉంది. ఇందరు కుర్చీ ఎక్కి క్షేమంగా దిగారంటే అది కుర్చీ గొప్పతనం కాదు, వాళ్ల అదృష్టం. ఆ ఆలోచనకు పెద్దక్క పక్కనున్న బల్ల మీద కూలబడింది. పిచ్చుక వచ్చి పక్కన కూర్చుంది. పెద్దక్క, "ఏమన్నా తిన్నావా?" అని అడిగింది. పిచ్చుక ఏడ్చేసింది.

మర్నాడు పెద్దక్క హాలులో అందరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. లేవనివ్వకపోవడం తప్పైందని, నడవనివ్వాలని, తానే తెలియక చేశానని చెప్పింది. వాళ్లు బావురుమంటారనుకుంది, లేదా తనను తిడతారనుకుంది. వాళ్లు అసలు నమ్మలేదు.

"ఆ పిల్ల రక్తంలో దోషం పెద్దక్కా. దానికి కుర్చీ ఏం చేస్తుంది?" అంది ఒకామె.

"నేను రెండుసార్లు ఎక్కాను. ఇద్దరూ బంగారాల్లా ఉన్నారు" అంది సీలు వదిన. "కోడలు మందు పెట్టింది నీకు. ఎవరి కోసం పోట్లాడావో మరిచిపోయావు."

ఇన్నేళ్లుగా తన మాటలే అవి. తన గొంతే ఇంతమంది నోళ్లలోంచి తిరిగి తన మీదికి వస్తుంటే పెద్దక్క బిత్తరపోయింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఆ మధ్యాహ్నం పడింది. అన్నాలు తిని వచ్చేసరికి బెల్టు చివర ఖాళీగా ఉంది. సూపర్‌వైజరు చిరునవ్వుతో ఎదురొచ్చాడు. "కుర్చీ ప్రమాదమని మీ పెద్దక్కే చెప్పిందటగా! ఆఫీసులో వెంటనే తీసేయమన్నారు. అందరి ఆరోగ్యం కోసమే. ఇకనుంచి ఎవరైనా నిలబడే చేయాలి."

హాలు మొత్తం పెద్దక్కవైపు తిరిగింది. ఆ చూపులు భరించలేక ఆమె తన చోటికి పోయి బిస్కెట్లు ఏరడం మొదలుపెట్టింది. చేతులు ఏరుతున్నాయి గానీ ఏది విరిగిందో ఏది బాగుందో కళ్లకు ఆనలేదు.

ఇంటికి వెళ్లే దారిలో పిచ్చుక మండిపడింది. "కుర్చీ తప్పని ఎవరన్నారు అత్తయ్యా? లేవనివ్వకపోవడం తప్పు. రోజంతా నిలబెట్టడం ఇంకో తప్పు. క్లాసులో రెండూ చెప్పారు. కాసేపు కూర్చోవాలి, కాసేపు నడవాలి. ఆ సూపర్‌వైజరు మనకు కావలసిన సగం తీసుకుపోయి తనకు నచ్చిన సగం మిగుల్చుకున్నాడు."

పెద్దక్క నడక ఆపి కోడలివైపు చూసింది. "నువ్వు కూర్చోనన్నావు కదే."

"కట్టేస్తే కూర్చోనన్నాను. మీరు తెచ్చిన కుర్చీని పారేయమన్నానా?"

రెండు రోజులు గడిచాయి. మూడోనాడు పొద్దెక్కాక, పని జోరు మీదున్న సమయంలో, పిచ్చుక బెల్టు అంచు పట్టుకుని అందరికీ వినపడేలా అంది. "అత్తయ్యా, నడుము పట్టేసింది. కాసేపు కూర్చోవాలి."

అది నటన కాదు. ఆ పిల్ల ముఖం నిజంగానే పాలిపోయి ఉంది. పెద్దక్క చుట్టూ చూసింది. కూర్చోవడానికి నేల తప్ప ఏమీ లేదు. ఆమె తిన్నగా సీలు మిషను దగ్గరికి నడిచి, గోడకున్న ఎర్ర మీట నొక్కింది. బెల్టు మూలిగి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పొయ్యిల గది వైపు బిస్కెట్లు ఒకదాని మీదొకటి ఎక్కుతున్న గలగల స్పష్టంగా వినిపించింది.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. "ఎవరాపారు?"

"నేను" అంది పెద్దక్క. "కుర్చీ తెప్పించు బాబూ. కడుపుతో ఉన్న మనిషి కూర్చోవాలనుకున్నప్పుడు కూర్చుంటుంది, లేవాలనుకున్నప్పుడు లేస్తుంది. లేచి హాలు ఆ చివరిదాకా నడిచొస్తుంది. అంతసేపు దాని చోట ఇంకొకరు ఉంటారు."

"కుర్చీ ప్రమాదమన్నది నువ్వే కదా!"

"నేనన్నది సగం విన్నావు. మిగతా సగం ఇదిగో, ఇప్పుడు విను."

"దాని చోట ఎవరుంటారు? నీకు మనుషుల్ని పంచిపెట్టడానికి ఇదేమన్నా నీ ఇల్లా?"

అందరూ ఆగిన బెల్టు మీది బిస్కెట్లవైపు చూస్తూ నిలబడ్డారు. ఇంతలో సీలు వదిన చేతిగుడ్డతో ముఖం తుడుచుకుంటూ, ఎవరివైపూ చూడకుండా అంది. "నేనుంటాను. ఆ గుంజీళ్లు నాకు నచ్చకపోవచ్చు. మా కుర్చీని ముట్టుకుంటే మాత్రం ఊరుకోను." ఆ తర్వాత ఒక్కొక్కరే "నేను", "నేను" అన్నారు. పొయ్యిల గదిలోంచి మాడు వాసన రావడం మొదలైంది.

కుర్చీ వచ్చింది. సూపర్‌వైజరే మోసుకొచ్చి, దించిన పద్ధతిలో తన కోపమంతా చూపించి వెళ్లిపోయాడు. బెల్టు మళ్లీ కదిలింది. పిచ్చుక కూర్చుని, వెనక్కి వాలి, జీవితంలో మొదటిసారి కుదురుగా కాళ్లు చాపింది. ప్యాకెట్లు ఒక్కొక్కటే ఆమె ముందుకు రాసాగాయి. కొంతసేపటికి ఆమె ముఖంలోకి రంగు తిరిగొచ్చింది, కళ్లు అరమోడ్పులయ్యాయి.

పెద్దక్క దూరం నుంచే గమనిస్తోంది. అక్కడే ఉండనివ్వాలని, దుప్పటి తెచ్చి కప్పాలని, ఎవరినీ దగ్గరికి రానివ్వకూడదని ఆమె ప్రాణం కొట్టుకులాడింది. మూతికి గొట్టంతో పడుకున్న పిల్ల గుర్తొచ్చింది. కడుపుతో ఉన్న ఏ ఆడదానితోనూ ఇంతవరకు అనని మాట అనడానికి ఆమె కుర్చీ దగ్గరికి నడిచింది.

"లే పిల్లా. లేచి అలా నడిచి రా."

పిచ్చుక కళ్లు తెరిచి అత్తగారిని ఎగాదిగా చూసింది. "ఇప్పుడే కదా అత్తయ్యా కూర్చున్నాను!"

"లేవమన్నానా?" అంది పెద్దక్క. ఆమె చేతులు మాత్రం, పడిపోతున్న దాన్ని పట్టుకోబోతున్నట్టు, అప్పటికే ముందుకు చాచి ఉన్నాయి.